ఆట లేని శనివారాలు

ఆయన పోయారన్న కబురు ఒక శుక్రవారం సాయంత్రం, ఆఫీసు నుంచి బస్సులో ఇంటికి వస్తుండగా ఫోనులో చూశాను. మా గ్రూపులో రెండే వాక్యాలు. పంపింది మాలో అందరికంటే పెద్దావిడ, లీడ్స్‌లో ముప్ఫై ఏళ్లు సిటీ బస్సు నడిపి రిటైరైన ఇంగ్లిష్ ఆవిడ. మన స్కోరరు మధ్యాహ్నం లైబ్రరీ మెట్ల మీద కూలబడిపోయాడు, హాస్పిటల్‌కి చేరేలోపే ప్రాణం పోయింది అని. తర్వాత గ్రౌండ్ చూసుకునే ఆయన, రేపు రెండింటికి హాలు తలుపు తీసే ఉంచుతానని మాత్రం రాశాడు. నేను దిగాల్సిన స్టాపు ఎప్పుడో దాటిపోయింది. ఎక్కడో దిగి, వానలో వెనక్కి నడిచాను.

ఆయన పేరు ఇక్కడ రాయడం లేదు. తన పేరు కాగితం మీద కనిపించడం ఆయనకి నచ్చేది కాదు. స్కోరు షీటు అడుగున స్కోరరు పేరు రాయడానికి ఒక గడి ఉంటుంది. ఇన్నేళ్లలో ఆ గడి ఆయన ఒక్కసారి కూడా నింపలేదు. నాకు ఆయన అంకుల్. మిగతావాళ్లకి స్కోరరు, బేస్‌బాల్ ఆటకి స్కోరు రాసే మనిషి. అంతే.

లీడ్స్‌లో బేస్‌బాల్ ఏమిటని మీకు అనిపించవచ్చు. నాకూ అనిపించింది. మా యూనివర్సిటీలో పిల్లలు ఒక జట్టు పెట్టుకున్నారు. ఊరి చివర, అంచుల్లో నీళ్లు నిలిచే ఒక పచ్చిక మైదానంలో ఏప్రిల్ నుంచి జూన్ దాకా శనివారాలు వేరే యూనివర్సిటీల వాళ్లతో ఆడతారు. చూడటానికి వచ్చేవాళ్లు పది మంది ఉంటే ఆరోజు జనం బాగా వచ్చారని లెక్క. ఆ పది మందిలో ప్రతివారం తప్పకుండా వచ్చేది నలుగురం. బస్సు నడిపిన ఆవిడ, గ్రౌండ్ చూసుకునే ఆయన, అంకుల్, నేను.

నేను అనంతపురం నుంచి మాస్టర్స్ చదవడానికి వచ్చాను. ఆయన్ని మొదటిసారి చూసిన రోజు నేను ఆట చూడటానికి వెళ్లలేదు. కోర్సు అయిపోతోంది, ఉద్యోగం లేదు, ఒక కేర్ హోమ్‌లో షిఫ్టుల ప్రకారం ముసలివాళ్లని చూసుకునే పని చేస్తున్నాను. ఆ ఉదయమే ఇంకో కంపెనీ కాదంది. అమ్మతో ఫోనులో బాగానే ఉన్నానని అబద్ధం చెప్పి, ఆ మైదానం పక్క బెంచీ మీద కూర్చుని ఏడుస్తున్నాను. బెంచీకి అవతలి చివర ఒక పెద్దాయన బ్లేడుతో పెన్సిల్ చెక్కుకుంటున్నారు. నేను అమ్మతో మాట్లాడటం విన్నారేమో, నా వైపు తిరగకుండానే తెలుగులో అడిగారు.

"అమ్మాయ్, ఆ పొడుగు కుర్రాడు రెండో బేస్ చేరాడా? పెన్సిల్ చెక్కుకుంటూ చూడలేకపోయాను."

బేస్ అంటే ఏమిటో నాకు తెలియదు. ఆ తెల్లసంచీ లాంటిదా అని అడిగాను. అవునన్నారు. ఐతే దాని మీద నిలబడే ఉన్నాడని చెప్పాను. ఆయన ఒక చిన్న గడిలో ఒక చిన్న గీత గీసి, "థాంక్స్ అమ్మా, నువ్వు లేకపోతే వాడు మధ్యలోనే ఉండిపోయేవాడు" అన్నారు. ఎందుకు ఏడుస్తున్నావని అడగలేదు. ఆ రోజే కాదు, తర్వాత కూడా ఎప్పుడూ అడగలేదు. ఆట అయ్యేసరికి నా చేతిలో రెండో పెన్సిల్ ఉంది.

ఆయనది తెనాలి దగ్గర ఒక ఊరు. మా అనంతపురం మాట వింటే ఆయనకి సరదా. నేను "అట్లనా అంకుల్" అంటే, "అట్లనే" అని సాగదీసి నవ్వేవారు. ఇక్కడ ఒక పెద్దాసుపత్రిలో ఆపరేషన్ పరికరాలు కడిగి, మరగబెట్టి, సరిచూసి ట్రేలో సర్దే విభాగంలో ఉద్యోగం చేసి రిటైరయ్యారు. ఒక్క కత్తెర తగ్గినా ట్రే బయటికి వెళ్లకూడదట. ఆ అలవాటుతోనే ఆట కూడా చూసేవారు. బెంచీకి ఎడమ చివరే కూర్చునేవారు. ఫ్లాస్కులో అల్లం టీ, స్టీలు టిఫిను డబ్బాలో ఇడ్లీ ఉండేవి. ఇంగ్లిష్ వాళ్లిద్దరికీ కారప్పొడి తక్కువ, నాకు ఎక్కువ. మన జట్టు గెలిచినా చప్పట్లు కొట్టేవారు కాదు. స్కోరరు చప్పట్లు కొడితే చెయ్యి ఒకవైపు మొగ్గుతుందని అనేవారు.

జూన్‌లో ఆటలు అయిపోతాయి. వేసవిలో పిల్లలు ఇళ్లకి వెళ్తారు. అక్టోబరు వచ్చేసరికి మైదానం బురద. మళ్లీ ఏప్రిల్ దాకా చూడటానికి ఏమీ ఉండదు. నేను మొదటి సీజను అయిపోయాక ఇక వీళ్లతో పని లేదనుకున్నాను. కానీ అక్టోబరులో ఒకరోజు అంకుల్ ఫోన్ చేసి, శనివారం రెండింటికి మైదానం పక్కనున్న చర్చి హాలు మేడ మీదికి రమ్మన్నారు. ఆట ఉండే టైముకి ఆట లేకపోతే మనిషికి తోచదు, ఆ టైముని ఎక్కడో ఒకచోట కూర్చోబెట్టాలి అన్నారు.

ఆ హాల్లో హీటరు ఉన్నా లేనట్టే. అందరం కోట్లు విప్పకుండా కూర్చునేవాళ్లం. మొదటి గంట సంగీతం. బస్సు నడిపిన ఆవిడకి వాళ్ల అమ్మమ్మ నేర్పిన పాటలు వచ్చు, మిల్లుల్లో పనిచేసిన ఆడవాళ్లు మగ్గాల చప్పుడులో కూడా వినబడేలా గొంతెత్తి పాడుకున్నవి. అంకుల్ క్లారినెట్ వాయించేవారు. ఆయన నాన్న పెళ్లిళ్ల బ్యాండులో క్లారినెట్ వాయించేవాడట. చిన్నప్పుడు ఈయన కూడా ఆ ఎర్రకోటు వేసుకుని ఊరేగింపుల్లో నడిచారట. ఆ క్లారినెట్టే ఇంగ్లండుకి పెట్టెలో పెట్టుకొచ్చి, ముప్ఫై ఏళ్లు అలమారులో ఉంచేశారు. ఎందుకు వాయించలేదని అడిగితే, షిఫ్టుల మధ్య నిద్రపోయే వాళ్లుండే ఇళ్లలో క్లారినెట్ వాయిస్తారా అన్నారు. ఆవిడ పాడుతుంటే ఈయన ఒకటి రెండుసార్లు విని, స్వరం పట్టుకుని వెనకాలే వెళ్లేవారు. యార్క్‌షైర్ మిల్లు పాటకి తెనాలి పెళ్లి బ్యాండు గమకం తగిలేది. ఆవిడ కళ్లు మూసుకుని వినేది.

రెండో గంట చరిత్ర. ఊరి చరిత్ర అంటే పెద్ద భవనాలు, పెద్ద మనుషులు కాదు. నియమం ఒకటే, నడిచి వెళ్లగలిగినంత దూరంలో ఉన్నదాని గురించే చెప్పాలి. ఆవిడ తను నడిపిన రోడ్డు కింద ట్రాము పట్టాలు ఇంకా ఎక్కడెక్కడ ఉన్నాయో చెప్పింది. గ్రౌండ్ చూసుకునే ఆయన కాలవల గురించి చెప్పాడు. అంకుల్ మా మైదానం తీసుకున్నారు. లైబ్రరీలో పాత మ్యాపులు వారాల తరబడి చూసి, ఒకప్పుడు అక్కడ ఉన్ని గుడ్డ ఆరేసేవారని కనుక్కున్నారు. తడి బట్ట కుంచించుకుపోకుండా, వరసలుగా పాతిన కొయ్య చట్రాలకి కొక్కేలతో లాగి బిగించేవారట. మైదానం పొడవునా బట్ట. వాన వస్తే చుట్టుపక్కల ఇళ్ల ఆడవాళ్లందరూ పరుగెత్తుకొచ్చేవారట. ఇది చెబుతూ ఆయన లేచి నిలబడి, ఆ కొక్కేలు ఎలా ఉండేవో వేళ్లు వంచి చూపించారు.

నా వంతు వస్తుందని నేను భయపడ్డాను. ఈ ఊరితో నాకేమి సంబంధం అంకుల్, రేపో మాపో వీసా అయిపోతే వెళ్లిపోయేదాన్ని అన్నాను.

ఆయన అన్న మాట ఇప్పటికీ నా దగ్గరుంది. "ఊళ్లో ఉంటూ ఊరు తెలీకపోతే, అది లాడ్జిలో ఉన్నట్టేనమ్మా. ఆరు నెలలున్నా సరే, లాడ్జిలో మాత్రం ఉండకు."

నేను అద్దెకున్న ఇల్లు లీడ్స్‌లో చాలాచోట్ల కనిపించే రకం. రెండు ఇళ్లు వీపుకి వీపు ఆనించి ఉంటాయి, వెనకవైపు కిటికీ ఉండదు. ఆయన నన్ను లైబ్రరీకి తీసుకెళ్లి, పాత జనాభా లెక్కల్లో ఆ ఇంటి నంబరు వెతికించారు. నేను ఒక్కదాన్నీ ఉండలేక ఏడుస్తున్న ఆ ఇంట్లో ఒకప్పుడు తొమ్మిది మంది ఉన్నారు. అందులో ముగ్గురు అక్కచెల్లెళ్లు మిల్లుకి వెళ్లేవారు. పెద్దదానికి సరిగ్గా నా వయసు. ఆ శనివారం హాల్లో ఆ ముగ్గురి గురించే చెప్పాను. ఆ ఇంటికి తిరిగి వెళ్లడానికి ఆ రోజు నుంచి భయం వెయ్యలేదు. ఉద్యోగం ఆ తర్వాత నాలుగు నెలలకి వచ్చింది. అంతవరకూ నన్ను నిలబెట్టింది ఏమిటని ఎవరైనా అడిగితే, నేను ఆ శనివారాల పేరే చెబుతాను.

ఇక చెప్పడానికి కష్టమైన సంగతి చెప్పాలి. అది వదిలేసి ఆయన మంచితనం మాత్రమే రాస్తే ఆయనకే నచ్చదు.

ఒక్కోసారి సంగీతం అయిపోయే ముందు ఆయన నెమ్మదిగా సాగే ఒక బాణీ వాయించేవారు. ఇదేం పాటని ఒకసారి బస్సు నడిపిన ఆవిడ అడిగింది. పెళ్లయ్యాక ఆడపిల్ల ఇల్లు వదిలి వెళ్లేటప్పుడు వాయించేదని ఇంగ్లిష్‌లో చెప్పి, క్లారినెట్ విప్పి తుడుచుకోవడం మొదలుపెట్టారు. ఆవిడ నా వైపు చూసింది. ఆ చూపు నాకు అప్పుడు అర్థం కాలేదు.

రెండో ఏడు వసంతంలో, ఆట మధ్యలో వాన వచ్చి, అందరం క్లబ్బు గదిలోకి వెళ్లాం. గోడ మీద పాత జట్ల ఫొటోలు. ఒకదాని ముందు వరసలో, బ్యాటు భుజాన పెట్టుకుని ఒక తెలుగమ్మాయి ఉంది. ఫొటో కింద అంకుల్ ఇంటిపేరే ఉంది. వెనక్కి తిరిగి చూస్తే, ఆయన కిటికీ దగ్గర నిలబడి వాననే చూస్తున్నారు.

తర్వాత బస్సు నడిపిన ఆవిడే నాకు చెప్పింది. ఆ అమ్మాయి ఆయన ఒక్కగానొక్క కూతురు. తల్లి పోయినప్పుడు ఆ పిల్ల ఇంకా స్కూల్లో ఉంది. తండ్రి వారాంతాలు కూడా షిఫ్టులు వేసుకున్నాడు. మాటల్లేని ఇంట్లో పెరిగిన పిల్ల యూనివర్సిటీకి వచ్చి, ఈ జట్టులో చేరి, మళ్లీ నవ్వడం నేర్చుకుంది. రెండో ఏడు ఫార్మసీ చదువు మానేసి, స్కూళ్లలో ఆటలు నేర్పే కోర్సుకి మారింది. తండ్రి, ఆటలాడించడానికి నిన్ను ఇక్కడ పెంచలేదు అన్నాడు. ఆమె చదువు ముగించుకుని ఎడిన్‌బర్గ్ వెళ్లిపోయింది. పండగకీ పుట్టినరోజుకీ ఒక మెసేజ్, అంతే. ఈ మైదానంలో ఆమె మూడేళ్లు ఆడింది. ఆయన ఒక్క ఆటకీ రాలేదు. రిటైరయ్యాక ఒక శనివారం రోడ్డు పనుల వల్ల బస్సు దారి మళ్లి ఇటు వచ్చింది. బ్యాటు చప్పుడు విని దిగి, బెంచీ చివర కూర్చున్నారు. ఆ రోజు స్కోరు రాయాల్సిన కుర్రాడు రాలేదు. గ్రౌండ్ చూసుకునే ఆయన పెన్సిల్ ఇచ్చాడు.

మా ఇంట్లో అలిగినవాళ్లని భోజనానికి పిలిస్తే చాలు, ఎలాగో సర్దుకుపోతుంది. అన్ని ఇళ్లూ అట్లాంటివే అనుకున్నాను. ఎవరికీ చెప్పకుండా ఇన్‌స్టాగ్రామ్‌లో ఆయన కూతురికి రాశాను. మీ నాన్నగారు మా మైదానం మీద ఎంత పరిశోధన చేశారో వచ్చి వినండి, నవంబరులో ఫలానా శనివారం మళ్లీ చెబుతున్నారు అని. ఆమె వారం తర్వాత సరేనంది. నేను మురిసిపోయాను.

ఆమె వచ్చేసరికి అంకుల్ గోడకి మ్యాపు అంటించి, బట్ట ఆరేసే చట్రాల గురించి చెబుతున్నారు. తలుపు దగ్గర ఆమెని చూశారు. మాట ఆగలేదు. మ్యాపు వైపు తిరిగి, గుడ్డ ఏ కాలవలో తడిపేవారో, ఏ దారిన మోసుకొచ్చేవారో చెప్పుకుంటూ పోయారు. కానీ వేలు మ్యాపు మీద ఒకేచోట ఆగిపోయింది. ఆమె కూర్చోలేదు. అంతా అయ్యేదాకా కోటు జేబుల్లో చేతులు పెట్టుకుని నిలబడింది. అప్పుడు అంది, కోపంగా కూడా కాదు, చాలా మామూలు గొంతుతో.

"ఆ గ్రౌండ్ గురించి ఇంత తెలుసుకున్నావు. యూ నెవర్ కేమ్, నాన్నా. నాట్ వన్స్."

ఆయన మ్యాపు అంచులు గోడ నుంచి ఊడదీయడం మొదలుపెట్టారు. ఆమె ఇంకో నిమిషం చూసి, మెట్లు దిగి వెళ్లిపోయింది. నేను వెనకాల పరుగెత్తాను. స్టేషన్‌కి ట్యాక్సీ ఎక్కుతూ, నన్ను పిలిచింది నాన్న కాదు కదా అని ఇంగ్లిష్‌లో అడిగింది. కాదు, నేనే అన్నాను. తెలుస్తూనే ఉంది అంది.

ఆ తర్వాత ఆరు శనివారాలు ఆయన హాలుకి రాలేదు. ఫోన్ ఎత్తలేదు. మేము ముగ్గురం కూర్చుని, పాడకుండా, ఏమీ చెప్పుకోకుండా టీ తాగి లేచేవాళ్లం.

ఏడో వారం నేను ఆయన ఫ్లాటుకి వెళ్లాను. తలుపు తీసి, లోపలికి రమ్మన్నారు. గడ్డం పెరిగింది. క్షమించమని అడగడానికి బస్సులో ఎన్నో మాటలు కూర్చుకున్నాను. అన్నీ పోయాయి. తప్పయింది అంకుల్, నాకేమి పని ఉన్నిందని రాసినానో అన్నాను. ఆయన ఉప్మా చేసి పెట్టారు. నేను సగం తిన్నాక, ఎదురుగా కూర్చుని మాట్లాడారు.

"నీ మీద కోపం లేదమ్మా. దాని మీదా లేదు. అది అన్నది నిజం. ఆ రోజుల్లో శనివారాలు షిఫ్టు వేసుకునేది ఎందుకో తెలుసా? డబ్బుకి కాదు. ఇంట్లో ఉంటే అది ఆటకి రమ్మంటుంది. అక్కడ మిగతా పిల్లల అమ్మలు వస్తారు. నేను ఒక్కణ్ణీ వెళ్లి నిలబడితే, వాళ్లమ్మ లేదని అందరికీ తెలుస్తుంది. దానికీ తెలుస్తుంది. అట్లా అనుకున్నాను. ఇదంతా దానికి చెప్పలేదు. చదువు పాడవుతుందని కేకలేశాను."

ఇది ఆమెకి ఇప్పుడైనా చెప్పొచ్చు కదా అన్నాను. ఇన్నేళ్ల తర్వాత చెబితే సంజాయిషీ అవుతుంది, సంజాయిషీ వినే ఓపిక దానికి ఎందుకుండాలి అన్నారు. ఆ రోజు వచ్చేసేటప్పుడు మాత్రం ఒకటి అడిగారు. క్లబ్బు బీరువాలో పాత స్కోరు షీట్లు ఉంటాయా అని.

ఉన్నాయి. అడుగు అరలో అట్టపెట్టెల్లో, చెమ్మకి అంటుకుపోయి. గ్రౌండ్ చూసుకునే ఆయన వాటిని ఇంటికి తీసుకెళ్లి రేడియేటర్ల మీద ఒక్కొక్కటిగా ఆరబెట్టాడు. ఆ శీతాకాలం అంకుల్ ఇంకే చరిత్రా ముట్టుకోలేదు. కూతురు ఆడిన మూడేళ్ల ఆటలన్నీ, ఒక్కొక్క ఆటకి ఒక్కొక్క పేజీగా, కొత్త పుస్తకంలో మళ్లీ రాశారు. షీట్ల మీద కొన్ని గడులు చెదిరిపోయాయి. కొన్ని పిల్లలు సరిగా రాయలేదు. ఆ రోజుల్లో ఆడినవాళ్ల ఈమెయిళ్లు నా చేత వెతికించి, ఒక్కొక్కరికి రాయించారు. ఆ రోజు వాన పడిందా, గాలి ఎటు వీచింది, మా అమ్మాయి బంతి కొట్టాక ఏ బేస్ దాకా పరుగెత్తింది అని. చాలామంది జవాబిచ్చారు. ఒకతను, ఆమె పరుగెత్తేటప్పుడు టోపీ ఎప్పుడూ ఊడిపోయేదని రాశాడు. ఆ ఒక్క వాక్యం ఆయన నా చేత మూడుసార్లు చదివించుకున్నారు.

ఫిబ్రవరిలో ఆ పుస్తకాన్ని ఎడిన్‌బర్గ్‌కి పోస్టులో పంపారు. ఉత్తరం పెట్టలేదు. నేను పెట్టమన్నాను. "ఉత్తరంలో మళ్లీ నా గురించే రాస్తాను, వద్దు" అన్నారు.

మూడు వారాలు ఏ కబురూ లేదు. నాలుగో వారం హాలుకి వచ్చినప్పుడు ఆయన ముఖమే వేరుగా ఉంది. కూర్చోకుండానే మాకు చెప్పారు.

"ఫోన్ చేసింది. తప్పు పట్టింది."

ఒక ఆటలో ఆయన ఆమెకి హిట్ రాశారు, అంటే తను బాగా కొట్టడం వల్లే బేస్ చేరిందని. ఆమె ఫోన్ చేసి, అది నా హిట్ కాదు, అవతలి అమ్మాయి చేతిలోంచి బంతి జారింది, అది వాళ్ల ఎర్రర్, నువ్వు నాకు ఎక్కువ రాశావు అందట. అంతే మాట్లాడి పెట్టేసిందట. అంకుల్ రబ్బరుతో ఆ గడి తుడిచినట్టు మాకు గాల్లో చూపించారు. ఆ రోజు బస్సు నడిపిన ఆవిడ ఎన్నో వారాల తర్వాత గొంతెత్తి పాడింది.

అప్పటినుంచి నెలకొక ఆదివారం ఆమె ఫోన్ చేసేది. ఫోనుకి ఒక్క ఆట. పేజీ ముందు పెట్టుకుని ఆమె చెప్పేది, ఈయన వేరే నోటుబుక్కులో రాసుకునేవారు. మొదట్లో పావుగంట. తర్వాత గంట. ఆట గురించి తప్ప వేరే మాట ఉండేది కాదని చెప్పేవారు. కానీ ఒకసారి, ఈ ఆట రోజు పొద్దున అమ్మ చీర కొంగుతో కుట్టిన చేతిరుమాలు పోయింది, అందుకే సరిగా ఆడలేదు అని చెప్పిందట.

ఆ సీజను వచ్చింది, పోయింది. ఆయన బెంచీ మీద అదే చోట కూర్చుని రాశారు. మెట్లు ఎక్కేటప్పుడు మధ్యలో ఆగడం నేను అక్టోబరులోనే గమనించాను. పేట డాక్టరు దగ్గరికి వెళ్లమని పోరితే వెళ్లారు. గుండెకి సంబంధించిన ఒక పరీక్షకి తేదీ వచ్చింది, జనవరిలో ఒక శుక్రవారం. అప్పుడే కూతురు, ఆ మర్నాడు శనివారం మన హాలుకి వస్తాను, రెండ్రోజులు ఉంటాను అంది. ఆయన ఫోన్ చేసి పరీక్ష తర్వాతి వారానికి మార్పించుకున్నారు. ఇల్లు సర్దుకోవాలి, లైబ్రరీలో ఒక మ్యాపు కాపీ తెచ్చుకోవాలి, దానికి చూపించాలి అన్నారు. అట్ల చేయద్దు అంకుల్ అని నేను ఒకసారి అన్నాను. ఒకసారే అన్నాను. ఆ సంతోషం ముందు రెండోసారి అనడానికి నోరు రాలేదు. ఇది నేను మోస్తూనే ఉంటాను.

ఆ శుక్రవారమే మ్యాపు కాపీ చేతిలో పెట్టుకుని లైబ్రరీ మెట్లు దిగుతూ పడిపోయారు.

ఇక్కడ మనిషి పోయాక అంత్యక్రియలకి చాలా రోజులు ఆగాలి. మూడు వారాలకి తేదీ దొరికింది. శ్మశానవాటికలో మాకిచ్చిన అరగంటలో ఇంగ్లిష్ ఆవిడ పాడింది. పోయిన సీజను ఆడిన జట్టు పిల్లలు టోపీలు చేతిలో పట్టుకుని వెనక వరసలో నిలబడ్డారు. వాళ్లలో చాలామందికి ఆయన గొంతు కూడా సరిగా తెలియదు, తమ ఆట అంతా ఎవరో రాసిపెట్టారని మాత్రం తెలుసు. పదిహేడు ఆటల్లో తొమ్మిదే ఫోనులో పూర్తయ్యాయని కూతురు అందరి ముందూ చెప్పింది. మిగతా ఎనిమిది ఎవరికి చెప్పాలో తెలియడం లేదంది.

కానీ ఆయన్ని తలుచుకుంటే నాకు ఆ అరగంట గుర్తురాదు. ఆయన పోయిన మర్నాడు, ఆ శనివారం గుర్తొస్తుంది. ఆమె ముందే కొనుక్కున్న టికెట్టుతో, ముందు అనుకున్న రైలుకే వచ్చింది. స్టేషన్‌కి నేను వెళ్లాను. నన్ను చూసి నా చెయ్యి పట్టుకుంది. ఆస్పత్రిలో సంతకాలు అయ్యేసరికి మూడు దాటింది, హాలుకి పోకుండా ఇద్దరం ఆయన ఫ్లాటుకి వెళ్లాం.

ఇల్లు అద్దంలా ఉంది. సోఫా మీద ఉతికిన దుప్పటి, తలగడ మడతపెట్టి ఉన్నాయి. తన మంచం కూతురికిచ్చి తను అక్కడ పడుకుందామనుకున్నారు కాబోలు. ఆమె గది గదీ చూసి, చివరికి వంటింట్లోకి వచ్చింది. సింకు పక్కన మూత పెట్టిన పెద్ద గిన్నె. మూత తీసింది. నీళ్లలో పొట్టు మినప్పప్పు, ఉబ్బి, నీటి పైదాకా వచ్చి ఉంది.

దోశలకా అని అడిగింది. అవునన్నాను. ఒక మనిషికి ఇంత నానబెడతారా అని ఇంగ్లిష్‌లో అడిగింది. లేదు, ఇది నలుగురైదుగురికి అన్నాను. హాల్లో మా అందరికీ అనుకున్నారేమో, లేక ఆమె ఉండే రెండ్రోజులకో, నాకు తెలియదు. పారబోద్దామా అని నేను అడగబోయి ఆగాను.

ఆమె కోటు విప్పి కుర్చీకి తగిలించింది. చొక్కా చేతులు మోచేతుల పైదాకా మడిచింది. రెండు చేతులూ గిన్నెలో పెట్టి, పప్పు రెండు అరచేతుల మధ్యా రుద్దడం మొదలుపెట్టింది. ఎవరూ చెప్పకుండానే చేతులకి తెలిసినట్టుంది. నల్లటి పొట్టు పైకి తేలుతుంటే వేళ్లు అడ్డం పెట్టి నీళ్లు వంచింది, మళ్లీ నీళ్లు పట్టింది, మళ్లీ రుద్దింది. నాలుగింటికే బయట చీకటి పడుతోంది. లైటు వెయ్యాలని మా ఇద్దరికీ తోచలేదు. గిన్నెలో తెల్లటి పప్పు, సింకులో నల్లటి పొట్టు, కొళాయి చప్పుడు. ఆమె ఇంకా కడుగుతూనే ఉంది.